విహార నౌక: యాజమాన్యం, మరమ్మతు, బీమా – ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

సరుకు మోయని, కిరాయి తేని పడవను సొంతం చేసుకున్న మనిషికి చట్టం ఏమిచ్చింది, బీమా ఏమిచ్చింది, ఏ భారాన్ని అతని భుజాల మీదే వదిలివేసింది అన్నది ఈ వ్యాస విషయం. మోటుపల్లి అభయశాసనం, 1906 నాటి బ్రిటిష్ నౌకాబీమా చట్టం, భారతీయ నౌకాచట్టాలు నేపథ్యంగా, జాషువా స్లోకమ్ నడిపిన 'స్ప్రే' అనే పడవ చరిత్రను ఇందులో ప్రధానంగా పరిశీలించడం జరిగింది. సముద్రం చేసిన హానికి బీమా ఉంది. కాలం చేసిన హానికి లేదు. ఆ రెండవదానికి యజమాని చేసే మరమ్మతు ఒక్కటే దిక్కని ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: విహార నౌక, నౌకాబీమా, మోటుపల్లి శాసనం, లాయిడ్స్, స్లోకమ్, స్ప్రే, మరమ్మతు.

1. ఉపోద్ఘాతం

తెలుగులో పడవ పేర్లకు కొదవ లేదు. ఓడ, నావ, కలం, దోనె, తెప్ప, బల్లకట్టు, లాంచీ – ఒక్కొక్క మాట వెనుక ఒక్కొక్క పని ఉంది. ఏరు దాటించేది ఒకటి, వల వేయడానికి పనికివచ్చేది ఒకటి, ధాన్యం మోసేది ఒకటి. కేవలం తన సంతోషం కోసం ఒక మనిషి ఉంచుకొనే పడవకు మాత్రం వాడుకలో మాట లేదు. 'విహార నౌక' అన్నది పుస్తకాల మాట. ప్రబంధాల అష్టాదశ వర్ణనల్లో జలక్రీడ ఉన్నది కదా అనవచ్చు. అక్కడ కొలను ఉంటుంది, చిమ్మనగ్రోవులు ఉంటాయి. పడవ ఉన్నా అది అలంకారమే. దాని అడుగు ఎవరు గీకారో, అతుకుల్లో పీచు ఎవరు కూరారో కవి చెప్పడు. చెప్పవలసిన అవసరమూ అతనికి లేదు.

కవి వదిలిన ఆ భాగమే ఇక్కడ చర్చనీయాంశం. పడవ ఎవరిది, దాన్ని నిలబెట్టేదెవరు, అది పోతే నష్టం ఎవరిది అన్న మూడు ప్రశ్నలు వేరువేరుగా కనిపించినా, చరిత్రలో అవి ఒకదానినొకటి వదలకుండా నడిచాయి.

ఒక చిన్న శబ్దవిచారంతో ప్రారంభిస్తాను. 'బీమా' అనే మాట ఫారసీ నుంచి హిందుస్తానీ మీదుగా మనకు చేరింది. ఫారసీలో 'బీమ్' అంటే భయం. సంస్కృతంలోని 'భీ' ధాతువుకు అది జ్ఞాతి. మన సముద్రవాణిజ్య చరిత్రలో మిక్కిలి ప్రసిద్ధమైన పత్రానికి 'అభయ శాసనం' అని పేరు. ఒకటి భయం పేరుతో, మరొకటి అభయం పేరుతో ఉన్నా రెండూ ఒకే ప్రశ్నకు ఇచ్చిన జవాబులే.

2. మోటుపల్లి: రెండు దోపిడులు

బాపట్ల జిల్లాలోని మోటుపల్లి కాకతీయుల కాలంలో పేరుమోసిన రేవు. అక్కడి వీరభద్రాలయంలో గణపతిదేవుడు శక 1166లో, అంటే 1244-45లో వేయించిన శాసనం చరిత్ర విద్యార్థులకు పరిచితమే. దేశాంతరాలకు వెళ్లే ఓడలు దుర్వాయువులకు చిక్కి, పగిలి, ఒడ్డుకు కొట్టుకువస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొదలైన సమస్తాన్నీ పూర్వరాజులు బలవంతంగా తీసుకొనేవారని, తాను మాత్రం నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాజు ఇందులో ప్రకటించాడు. ప్రాణం కంటె ధనమే గొప్పదని తలచి సముద్రయానమనే సాహసానికి పూనుకొన్నవారి మీది దయతోను, కీర్తి కోసం, ధర్మం కోసం ఈ అభయమిస్తున్నానని కూడా చెప్పుకొన్నాడు.

ఈ శాసనాన్ని వాణిజ్యవిధానానికి ఆధారంగా చదవడం పరిపాటి. అది సరైన పఠనమే. దీన్ని నష్టభారపు చరిత్రగా కూడా చదవవచ్చునని నా అభిప్రాయం. ఓడ యజమానికి ఇక్కడ రెండు దోపిడులు ఎదురవుతున్నాయి. మొదటిది అలది, రెండవది రాజుది. అల చేసిన దోపిడిని గణపతిదేవుడు ఆపలేడు, దానికి పరిహారం ఇస్తానని అనడం లేదు. రెండవదానిని మాత్రం రద్దు చేశాడు. అంటే ఓడ పగిలినంత మాత్రాన యాజమాన్యం పోదు అన్న సూత్రాన్ని అంగీకరించాడు. దీన్ని బీమాకు పూర్వరూపమని అనడం అతిశయోక్తి అవుతుంది. అయితే పగిలిన ఓడ మీద యజమానికి హక్కు మిగలని చోట బీమా అనే ఆలోచనకే తావుండదు.

ఇంగ్లండులో ఈ విషయం 30 సంవత్సరాల తరువాత, 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనంలో వచ్చింది. పగిలిన ఓడ నుంచి ఒక మనిషి గాని, కుక్క గాని, పిల్లి గాని ప్రాణాలతో బయటపడితే ఆ ఓడను దిక్కులేనిదిగా పరిగణించి రాజు స్వాధీనం చేసుకోరాదని అది చెప్పింది. యజమాని హక్కు పిల్లి ప్రాణం మీద ఆధారపడిన ఆ పద్ధతితో పోలిస్తే మోటుపల్లి అభయం షరతుల్లేనిది. పోలిక అంతవరకే, రెండు శాసనాలకు పరస్పర సంబంధం లేదు.

3. వేట పడవ విహార నౌక కావడం

పైన చెప్పినవన్నీ సరుకు ఓడలు. విహార నౌక యాజమాన్యం స్పష్టమైన రూపం దాల్చింది 17వ శతాబ్దపు హాలండులో. 'యాట్' అన్న మాట డచ్చి భాషలో వేట అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. తీరజలాల్లో వేగంగా వెంటాడే పడవలకు వచ్చిన పేరు క్రమంగా ధనికుల విహారానికి అంటుకొంది. 1660లో సింహాసనం ఎక్కిన రెండవ చార్లెస్‌కు ఆమ్‌స్టర్‌డామ్ నుంచి 'మేరీ' అనే యాట్ కానుకగా వచ్చింది. మరుసటి సంవత్సరం ఆ రాజు, అతని తమ్ముడు జేమ్స్ థేమ్స్ నదిలో 100 పౌండ్ల పందెం కట్టి తమ పడవలను పరుగెత్తించారు. మేరీ ఎక్కువకాలం విహారానికి మిగలలేదు. అది నౌకాదళం పనులకు పోయి, 1675లో ఆంగ్లసీ తీరంలో రాతికి కొట్టుకొని మునిగింది. దాని అవశేషాలు 1971లో గజఈతగాళ్లకు దొరికాయి.

తరువాతి కథను త్వరగా చెప్పుకోవచ్చు. ఐర్లండులోని కార్క్ రేవులో 1720లో ఒక సంఘం, లండనులో 1815లో మరొకటి ఏర్పడ్డాయి. 1878 నుంచి లాయిడ్స్ రిజిస్టర్ సంస్థ యాట్‌లకు ప్రత్యేకంగా జాబితా ప్రచురించసాగింది. ఈ ప్రచురణ చిన్న విషయంగా కనిపించినా మన చర్చకు ముఖ్యమైనది. విహారానికి ఉంచుకొన్న పడవను కూడా కట్టుబడి, వయస్సు, దారుఢ్యం చూసి వర్గీకరించవచ్చునని, అంటే దాని మీది నష్టభయాన్ని వెలకట్టవచ్చునని అది చెప్పకనే చెప్పింది.

4. సముద్రం చేసిన హాని, కాలం చేసిన హాని

1680ల చివర లండనులో ఎడ్వర్డ్ లాయిడ్ నడిపిన కాఫీ దుకాణం నావికులకు, ఓడల యజమానులకు, బీమా రాసేవారికి కూడలి అయింది. ఆ తొలి దశలో బీమాకు, పందేనికి మధ్య గోడ చాలా పలుచన. తనకు ఏ సంబంధమూ లేని ఓడ మునుగుతుందని కూడా డబ్బు కట్టేవారు. 1745 నాటి చట్టం దానిని నిషేధించింది. పోతే నష్టపడేవాడే బీమా తీసుకోవాలన్న నియమం అక్కడి నుంచి బలపడింది.

ఈ శతాబ్దాల తీర్పులన్నిటినీ క్రోడీకరించినది 1906 నాటి బ్రిటిష్ నౌకాబీమా చట్టం. మన 1963 నాటి భారత నౌకాబీమా చట్టం చాలావరకు దాని అడుగుజాడల్లో నడిచింది. 1906 చట్టంలోని 55వ సెక్షను దగ్గర కొంచెం ఆగాలి. పాలసీలో వేరే మాట లేనంతవరకు మామూలు అరుగుదలకు, మామూలు కారుడుకు, వస్తువులో స్వతహాగా ఉన్న దోషానికి, ఎలుకలు, పురుగులు చేసిన నష్టానికి బీమాదారు బాధ్యుడు కాడని అది చెబుతుంది. చట్టపు పొడి భాషలో ఇది మినహాయింపుల జాబితా. పడవ యజమాని చదివితే ఇది అతని దినచర్య. తెరచాప ఎండకు పెళుసెక్కుతుంది, అతుకు వదులవుతుంది, చెక్క నీళ్లు తాగుతుంది, మేకు తుప్పు పడుతుంది. వీటిలో ఏదీ 'ప్రమాదం' కాదు. ప్రమాదమంటే జరిగితే జరగవచ్చు, లేకపోతే లేదు. ఇవి జరిగి తీరుతాయి.

పురుగు సంగతి 1906 కంటె చాలా ముందే న్యాయస్థానానికి ఎక్కింది. వెచ్చని సముద్రాల్లో టెరెడో అనే జీవి ఓడ చెక్కను లోపలి నుంచి తొలుస్తుంది. పేరుకు పురుగు గాని, నిజానికి అది ఆల్చిప్పల కోవకు చెందినది. ఆఫ్రికా తీరంలో ఇలా తినివేయబడిన ఒక ఓడ విషయంలో 1796లో వచ్చిన 'రోల్ వర్సెస్ పార్' తీర్పు, పురుగు తినడం సముద్రప్రమాదం కాదని తేల్చింది. సముద్రంలో జరిగినంత మాత్రాన అది సముద్రం చేసినది కాదు. ఈ భేదం మీదే మొత్తం నౌకాబీమా నిలబడి ఉన్నది.

విహార నౌకకు వచ్చేసరికి మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది విలువ. సరుకు ఓడ ఎంత కిరాయి తెస్తుందో చూసి దానికి వెల కట్టవచ్చు. ఏమీ తేని పడవకు వెల ఎంత? అందుకే ఇరుపక్షాలు ముందుగానే ఒక మొత్తానికి ఒప్పుకొనే పాలసీ విహార నౌకలకు వాడుక అయింది. రెండవది యజమాని ఎరుక. విహార నౌకల బీమా సాధారణంగా ఒక ప్రయాణానికి కాక కొంత కాలానికి తీసుకొనేది. కాలపు పాలసీలో పడవ ఎల్లప్పుడూ ప్రయాణయోగ్యంగా ఉండాలన్న హామీ అంతర్లీనంగా ఉండదు. కాని అది యోగ్యంగా లేదని తెలిసి కూడా యజమాని సముద్రంలోకి పంపితే, ఆ అయోగ్యత వల్ల కలిగిన నష్టానికి పరిహారం రాదు. చట్టం చెక్కను కాక యజమాని మనస్సును పరీక్షిస్తున్నది. కుళ్లు ఎక్కడుందో అతనికి తెలుసా అన్నదే ప్రశ్న.

1985లో లండను బీమాదారులు రూపొందించిన యాట్ నిబంధనలు కూడా ఈ దారినే నడిచాయి. కంటికి కనబడని అంతర్గత లోపం వల్ల పడవకు నష్టం జరిగితే ఆ నష్టానికి చెల్లిస్తారు. లోపమున్న ఆ భాగాన్ని మార్చిన ఖర్చు మాత్రం ఇవ్వరు. పాత తెరచాపకు బదులు కొత్తది వేస్తే మూడోవంతు వరకు కోత పెట్టవచ్చు. 17 నాట్లు మించే వేగానికి తయారైన పడవకు షరతులు వేరు. పడవ ఏ నెలల్లో నీటిలో ఉంటుందో, ఏ నెలల్లో ఒడ్డున కట్టివేసి ఉంటుందో కూడా పాలసీలో రాయించుకోవాలి.

5. సంపాదించని పడవ: భారతీయ చట్టాల్లో

విహార నౌకను చట్టాలు ప్రాయికంగా అది చేయని పనితో నిర్వచించాయి. 1958 నాటి భారత మర్చంట్ షిప్పింగ్ చట్టం తెరచాప నౌకకు ఇచ్చిన నిర్వచనంలో తెడ్డు పడవ, డోంగీ చేరాయి. విహార నౌక మాత్రం చేరదని అందులోనే స్పష్టంగా ఉన్నది. ఆ నిర్వచనం జీవనోపాధికి తిరిగే పడవల కోసం. వేడుక పడవ దాని లెక్కలోకి రాలేదు.

నదుల మీద పరిస్థితి వేరు. 1917 నాటి అంతర్దేశీయ ఆవిరినౌకల చట్టం యంత్రంతో నడిచే పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ ఏర్పరచింది. దాని స్థానంలో వచ్చిన 2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టం యాంత్రిక నౌకలకు బీమాను తప్పనిసరి చేసింది. ఈ బీమా తత్త్వం వేరు. ఇది ప్రధానంగా యజమాని ఆస్తిని కాపాడడానికి కాక, పడవ వల్ల ఇతరులకు కలిగే హాని కోసం ఉద్దేశించినది. పాపికొండలకు యాత్రికులను తీసుకువెళ్లే లాంచీ ఎక్కినవారికి విహారనౌక, యజమానికి సంపాదన. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన దుర్ఘటన తరువాత లాంచీల తనిఖీ, లైఫ్ జాకెట్లు, సరంగుల అనుభవం గురించి ఎంతో చర్చ జరిగింది. ఆ చర్చ అవసరమైనదే. వేడుకకు ఎక్కినవాడి ప్రాణభారం మాత్రం వ్యాపారి బాధ్యత కిందికి వస్తుంది. అది వేరే వ్యాసానికి తగిన విషయం. తానే యజమాని, తానే సరంగు, తానే ప్రయాణికుడు అయిన మనిషి దగ్గర ఈ మూడు భారాలు ఎలా కలిసిపోతాయో చూడాలంటే, తన పద్దులు తానే రాసిపెట్టిన ఒక నావికుణ్ని ఆశ్రయించాలి.

6. స్ప్రే

జాషువా స్లోకమ్ 1844లో నోవా స్కోషియాలో పుట్టి, అమెరికా పౌరుడై, సరుకు ఓడలకు కెప్టెనుగా బతికినవాడు. 1887లో అతని సొంత ఓడ 'అక్విడ్నెక్' బ్రెజిల్ తీరాన ఇసుకమేట మీద ఎక్కి నాశనమైంది. దానికి బీమా లేదు. యావదాస్తి పోయింది. భార్యాబిడ్డలతో అక్కడే 'లిబర్దాద్' అనే చిన్న పడవ కట్టుకొని అందులో అమెరికాకు తిరిగి వచ్చాడు. ఆవిరి ఓడలు తెరచాప ఓడలను తరిమివేస్తున్న రోజులవి. అతనికి పని దొరకలేదు.

1892 శీతకాలంలో ఒక పాత తిమింగలాల వేటగాడు, కెప్టెన్ ఎబెన్ పియర్స్, మసాచుసెట్స్‌లోని ఫెయిర్‌హేవెన్‌లో ఒక ఓడ ఉన్నదని, కొంచెం మరమ్మతు కావాలని చెప్పి దానిని అతనికి ఇచ్చాడు. వెళ్లి చూస్తే అది పొలంలో ఊతకర్రల మీద, కాన్వాసు గుడ్డ కింద, ఏడు సంవత్సరాలుగా పడి ఉన్న 'స్ప్రే' అనే ముత్యపుచిప్పల పడవ. ఊరివారు దాన్ని పగలగొట్టడానికి వచ్చాడనుకొన్నారు. తిరిగి కడతానన్నాడు. అది గిట్టుబాటు అవుతుందా అన్నదే వాళ్లందరి ప్రశ్న అయిందని అతను 1900లో వెలువరించిన యాత్రాగ్రంథంలో చెప్పుకొన్నాడు. ఆ ప్రశ్నను తేలిగ్గా తీసుకోరాదు. పడవ అంటే గిట్టుబాటు అని మాత్రమే ఎరిగిన రేవు అది.

సామగ్రికి అయిన ఖర్చు 553 డాలర్ల 62 సెంట్లు. శ్రమ 13 నెలలు. మధ్యమధ్య రేవులో తిమింగల నౌకలకు సామాను అమర్చే కూలిపని చేసి పొట్ట పోసుకొన్నాడు. దగ్గరలోని ఓక్ చెట్టును కొట్టి వెన్నుదూలం చేశాడు. జార్జియా పైన్ పలకలు, ఒకటిన్నర అంగుళాల మందానివి, పక్కలకు బిగించాడు. అతుకుల్లో నూలుదారం, జనుపపీచు కూరాడు. అడుగుభాగానికి రాగి రంగు రెండు పూతలు, పైభాగానికి తెల్లసీసం రెండు పూతలు వేశాడు. తయారైన పడవ పొడవు 36 అడుగుల 9 అంగుళాలు, వెడల్పు 14 అడుగుల 2 అంగుళాలు.

పాత చెక్క ఒక్కొక్కటే పోయి కొత్తది వస్తే అది పాత పడవేనా? ప్లూటార్కు కాలం నుంచి తత్త్వవేత్తలను వేధించిన ఈ ప్రశ్నకు స్లోకమ్ తత్త్వం ద్వారా కాక లాయిడ్స్ ఆచారం ద్వారా జవాబు చెప్పాడు: ముక్కముక్కగా మరమ్మతు చేసి పూర్తిగా కొత్తదైనా ఓడ పాత పేరుతోనే పాత ఓడగా కొనసాగుతుంది. పాతది ఎక్కడ చచ్చిందో, కొత్తది ఎక్కడ పుట్టిందో తనకూ తెలియలేదన్నాడు. యాజమాన్యం కొనసాగడానికి ఆధారం చెక్క కాదని, ఎడతెగని మరమ్మతేనని ఈ ఆచారపు సారాంశం. పై విభాగంలోని విలువ ప్రశ్నను ఇక్కడ పెట్టి చూడండి. స్ప్రే వెల ఉచితంగా వచ్చింది కాబట్టి సున్నానా, 553 డాలర్లా, 13 నెలల కూలి కూడా కలపాలా? ఏ లెక్కా తప్పు కాదు, ఏదీ పూర్తిగా సరికాదు.

1895 ఏప్రిల్ 24న బోస్టను నుంచి ఒంటరిగా బయలుదేరిన స్లోకమ్ వద్ద యాట్ లైసెన్సు ఉంది. సరుకు మోయనంత కాలం రేవు సుంకాల నుంచి అది కాపాడాలి. బ్రెజిల్‌లోని పెర్నంబుకోలో కాపాడలేదు. సుంకాధికారి మామూలు ఓడకు వేసినట్లే పన్ను వేశాడు. ఆ ఇబ్బంది చూసి ఒక వర్తకుడు, బహియాకు తుపాకిమందు తీసుకువెళ్లమని కిరాయి బేరం పెట్టాడు. మనిషి ఒక్కడే ఉన్న పడవలోని సరుకుకు బీమా ఇవ్వబోమని కంపెనీలు తిరస్కరించాయి. అయితే బీమా లేకుండానే పంపుతాను, నష్టం వస్తే నాదే అన్నాడు ఆ వర్తకుడు. మన చర్చకు ఈ గ్రంథమంతటిలో ఇంతకు మించిన ఘట్టం లేదు. బీమా కంపెనీ మనుషుల సంఖ్య చూసింది. వర్తకుడు మనిషిని చూసింది. ఒకరి లెక్కలో దొరకనిది మరొకరి నమ్మకంలో దొరికింది. అయినా స్లోకమ్ ఒప్పుకోలేదు. కారణం భయం కాదు, లెక్కే. ఒక్కసారి కిరాయి పుచ్చుకొంటే యాట్ లైసెన్సు చెల్లకుండా పోతుంది. ప్రపంచమంతటా కట్టవలసిన రేవు సుంకాలు ఆ కిరాయిని మించిపోతాయి. సంపాదించకపోవడమే స్ప్రేకు గిట్టుబాటు. ఫెయిర్‌హేవెన్ వారి ప్రశ్నకు ఇదొక వింత జవాబు.

మెల్బోర్న్‌లో టన్నుకు ఆరు పెన్నీల చొప్పున మళ్లీ పన్ను వేశారు. స్ప్రే 13 టన్నులకు కాస్త తక్కువే అయినా ఆ భిన్నాన్ని కూడా వదలక ఆరు షిల్లింగుల ఆరు పెన్నీలు పుచ్చుకొన్నారు. పడవ చూడవచ్చినవారి దగ్గర తలకు ఆరు పెన్నీలు తీసుకొని స్లోకమ్ దాన్ని సరిపెట్టాడు. ఆ వ్యాపారం మందగించినప్పుడు ఒక సొరచేపను పట్టి దాన్ని చూడడానికి కూడా అంతే తీసుకొన్నాడు.

యాత్ర మధ్యలో అతని నిజమైన బీమా ఎక్కడుందో టాస్మేనియా ఘట్టం చూపుతుంది. పడవను ఒడ్డుకు ఎక్కించి, టెరెడో జాడ కోసం అడుగంతా జాగ్రత్తగా పరిశీలించాడు. పురుగు పట్టలేదు. అయినా ముందున్నవి కోరల్, అరఫురా సముద్రాలు, వెచ్చని నీళ్లు. కాబట్టి మరొక పూత రాగి రంగు వేసి నీటిలోకి దింపాడు. 1796 తీర్పు ఏ నష్టాన్ని యజమాని మీదికి తోసిందో ఆ నష్టానికి అతను కట్టిన ప్రీమియం ఆ రాగి పూత. గడియారం విషయంలో మాత్రం ఇంత పట్టింపు లేదు: ఓడ గడియారాన్ని శుభ్రం చేయించడానికి 15 డాలర్లవుతుందని దాన్ని వదిలేసి, ముఖం పగిలిన రేకు గడియారం ఒక డాలరుకు కొన్నాడు. ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ అక్కరలేదో తెలిసిన యజమాని తీరు ఇది. 46,000 మైళ్లు తిరిగి 1898 జూన్ 27న న్యూపోర్టు చేరాడు. ఒంటరిగా భూమిని చుట్టిన తొలి నావికుడు అతడే.

తరువాతి పది సంవత్సరాల కథలో ఆ శ్రద్ధ కనిపించదు. ఆ రోజుల్లో స్ప్రేను చూసినవారు పడవ, మనిషి ఇద్దరూ చిక్కిపోయారని, తాళ్లు నలిగి, పూత వెలిసి ఉన్నదని రాశారు. 1909 నవంబరులో, 65 ఏళ్ల వయస్సులో, స్లోకమ్ దక్షిణ అమెరికా వైపు బయలుదేరాడు. తరువాత వార్త లేదు. ఏదైనా పెద్ద ఓడ గుద్దిందని కొందరు, పాత చెక్క విచ్చుకొన్నదని కొందరు ఊహించారు. మొదటిది నిజమైతే అది సముద్రప్రమాదం, రెండవది నిజమైతే అరుగుదల. తేల్చడానికి ఒక్క పలక కూడా దొరకలేదు. 1906 నాటి చట్టం 58వ సెక్షనులో ఇలాంటి సందర్భానికి కూడా ఒక ఏర్పాటు ఉన్నది: సమంజసమైన కాలం గడిచినా ఓడ కబురు తెలియకపోతే అది పూర్తిగా నష్టమైనట్లు భావించవచ్చు. ఆ కాలం ఎంతో చట్టం చెప్పలేదు. అది బ్రిటిష్ చట్టం, స్ప్రే అమెరికా పడవ. అమెరికా న్యాయస్థానం స్లోకమ్ మరణించినట్లు ప్రకటించడానికి 1924 దాకా పట్టింది.